కారవాన్‌కు తాళం వేసే ముందు

చిరంజీవి నాన్నకు, అత్తయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోను చేసింది. జూలైలో పెర్త్ నుంచి కారవాన్, అదే ఆ చక్రాల ఇల్లు, బండి వెనక తగిలించుకుని ఆస్ట్రేలియా వాయవ్య మూలనున్న కింబర్లీ వెళ్తున్నారట. బంగిల్ బంగిల్ కొండలు చూస్తారట, ఆ తర్వాత గిబ్ రివర్ రోడ్డు అట. ఎడ్లబండి ఎక్కమంటే నా కొంగు పట్టుకుని ఏడ్చినవాడివి! ఫోను పెట్టకుండానే పక్కింటావిడకు కూడా చెప్పేశాను. అంతలో మీ అమ్మ ఇంకో మాట అంది. కారవాన్‌ను హైవే పక్కన పొదల చాటున వదిలేసి లోపలికి వెళ్తారట, డబ్బు కలిసొస్తుందని. నా గర్వమంతా అక్కడే దిగిపోయింది.

ముందు ఆ సంగతి తేల్చుకుందాం. ఆ బంగిల్ బంగిల్ కొండలున్న పర్నులులు పార్కులోకి గ్రేట్ నార్తర్న్ హైవే నుంచి 53 కిలోమీటర్ల మట్టిదారి. గతుకులు, మలుపులు, మధ్యమధ్య వాగులు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంటేనే వెళ్లగలం. కారవాన్లను అసలు రానివ్వరు. ఒకే ఇరుసున్న గట్టి ఆఫ్‌రోడ్ ట్రైలరయితే సరే అంటారు. కాబట్టి నీ ఇంటిని బయట వదలక తప్పదు. హైవే మలుపు దగ్గరే కారవాన్ పార్కు ఉంది, అక్కడ పెట్టు. బండి నంబరు, తిరిగొచ్చే రోజు రాసి ఇవ్వు. చెప్పిన రోజుకు నువ్వు రాకపోతే "వీళ్లింకా రాలేదే" అనుకునే మనిషి ఒకరుంటారు. ఆ కాస్త డబ్బూ అందుకే. మీ తాతయ్య తిరుపతి వెళ్లేటప్పుడు పక్కింటివాళ్లకు తాళంచెవి ఇవ్వడమే కాదు, తిరిగి ఏ రైలుకు వస్తాడో కూడా చెప్పేవాడు. ఎందుకింత చాదస్తమని నేను నవ్వేదాన్ని.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. చదును నేల మీద నిలుపు. చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు పెట్టు. బండికి తగిలించే హిచ్‌కు తాళం, చక్రానికి తాళం, రెండూ వెయ్యి. గ్యాస్‌ను సిలిండరు దగ్గరే ఆపెయ్యి. టాయిలెట్ కింది క్యాసెట్టు డబ్బా ఖాళీ చెయ్యి, మరిచిపోతే తిరిగొచ్చాక నువ్వే అనుభవిస్తావు. గిబ్ రోడ్డు కోసం కారవాన్‌ను రెండు వారాలు కునునర్రా ఊళ్లో వదిలేటప్పుడు దిమ్మలు గట్టిగా పెట్టి హ్యాండ్‌బ్రేకు వదిలెయ్యి, లేకపోతే బ్రేకులు పట్టేస్తాయి. మనుషులు లేని కారవాన్‌కు బీమా వర్తిస్తుందో లేదో పాలసీలో ముందే చూసుకో.

చెట్టు కింద మాత్రం పెట్టకు. ఎండ చూసి నీడకు ప్రాణం లాగుతుంది, నాకు తెలుసు. అక్కడ పెద్ద చెట్లు చాలావరకు మన ఒంగోలు వైపు వేసే జామాయిల్‌కు చుట్టాలే. గాలి లేకపోయినా మనిషి నడుమంత లావు కొమ్మ ఒక్కసారిగా విరిగి పడుతుంది. పైగా నీడలో ఉంటే పైకప్పు మీది సోలార్ పలక పనిచెయ్యదు, బ్యాటరీ అడుగంటుతుంది.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

2009 సెప్టెంబరులో మీ మామయ్యా నేనూ అదే మలుపు దగ్గర కారవాన్ వదిలాం. ముప్పై ఆరు డిగ్రీల ఎండ. నేనన్నీ పద్ధతిగా చేశానురా, ఇప్పటికీ నన్ను పీడించేది అదే. ఫ్రిజ్ ఆపి, సామాను తీసి, తుడిచి, బూజు పట్టకుండా తలుపు సందులో తువ్వాలు చుట్టి పెట్టాను. కిటికీలు బిగించాను. నీలం సంచి భుజాన వేసుకుని బండెక్కాను.

సాయంత్రం క్యాంపులో అన్నం వార్చి, మీ మామయ్య ఇంజెక్షన్ కోసం ఆ సంచి జిప్పు తీశాను. రక్తపోటు చూసే మిషను, దూది, సూదులు ఉన్నాయి. ఇన్సులిన్ లేదు. బండంతా కుమ్మరించాను. బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశాను. మీ మామయ్య కుర్చీలో కూర్చుని ఎర్రబడుతున్న కొండలను చూస్తూ, "ఒక్క పూటకు ఏం కాదులే" అన్నాడు. ఏమవుతుందో నాకు తెలుసు. ఇరవై ఆరేళ్లు నర్సుగా చేసినదాన్ని. చీకట్లో వాగులు దాటే ధైర్యం ఇద్దరికీ లేదు. రాత్రంతా ఆయన లేచి నీళ్లు తాగుతూనే ఉన్నాడు. తెల్లవారుజామున వేలు గుచ్చి చూస్తే షుగరు 17, మన ఊరి లెక్కలో మూడు వందలకు పైనే. కళ్లు మసకగా ఉన్నాయన్నాడు. ఆ దారిలో నేను స్టీరింగు పట్టడం అదే మొదటిసారి. ప్రతి వాగు దగ్గరా ఆయన పక్కన కూర్చుని "మెల్లగా, ఆపకుండా పోనీ" అంటుంటే రెండున్నర గంటలు నడిపాను.

కారవాన్ తలుపు తెరిస్తే పొయ్యి మీది గిన్నె మూత తీసినట్టు వేడి ముఖాన కొట్టింది. తువ్వాలు నేను పెట్టినచోటే ఉంది. ఫ్రిజ్ తలుపుకు లోపలివైపు, గుడ్లు పెట్టుకునే అరలో, రెండు ఇన్సులిన్ డబ్బాలు పక్కపక్కన ఉన్నాయి. ఆ తలుపును నా చేత్తోనే తీసి పెట్టాను. అటువైపు చూడనే లేదు. ఒక పగలూ రాత్రీ ఆ వేడిలో ఉడికిన మందును ఎలా నమ్మను? అక్కడినుంచి యాభై కిలోమీటర్లు పైకి, వార్మన్ అనే ఊరికి వెళ్లి ఆరోగ్య కేంద్రం తలుపు తట్టాం. అక్కడి నర్సు నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ నర్సునని ఆమెతో చెప్పలేదు.

ఆయన పోయి నాలుగేళ్లయింది. ఉన్నన్నాళ్లూ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, నన్ను ఏడిపించడానికి కూడా.

ఇంత ఎందుకు రాస్తున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది. మీ నాన్నను కూడా తీసుకెళ్తున్నావట. వాడికిప్పుడు రోజూ రెండు పూటలా ఇన్సులిన్. ఆ కారవాన్‌కు తాళం వేశాక అది వేరే ఊళ్లో ఉన్నట్టే అనుకో. ఫ్రిజ్ ఖాళీ చేసేది నువ్వయితే, చూసేది కోడలమ్మాయి కావాలి. కళ్లతో కాదు, ప్రతి అరలోనూ చెయ్యి పెట్టి తడమాలి. మందు రెండు భాగాలు చేసి రెండు సంచుల్లో పెట్టు. బండిలోని చిన్న ఫ్రిజ్‌లో గడ్డకట్టేచోట మాత్రం పెట్టవద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. తడిపితే చల్లగా ఉండే సంచులు మందుల షాపుల్లో దొరుకుతాయి. మన మట్టికుండ పద్ధతే, ఆ పొడిగాలిలో బాగా పనిచేస్తాయి.

గిబ్ రోడ్డు మీద పెంటెకోస్ట్ నది దాటేటప్పుడు లోతు చూద్దామని నీళ్లలో దిగి నడిచేవు, అక్కడ మొసళ్లున్నాయి. అమ్మాయితో కూడా చెప్పు, నువ్వు వినవు.

హైవే మలుపు దాటాక సిగ్నల్ ఉంటుందని నమ్మకు. లోపలికి వెళ్లేముందు "వెళ్తున్నాం" అని, బయటికి రాగానే "వచ్చాం" అని రెండు ముక్కలు పంపు చాలు. ఫోటోలు తర్వాత పంపవచ్చు.

మీ నాన్నకు ఆవకాయ తక్కువ పెట్టు. నీలం సంచి పోస్టులో వేశాను, ఈ వారంలో వస్తుంది. జిప్పు సగంలో పట్టేస్తుంది, కాస్త కొవ్వొత్తి రుద్దు.

మీ అత్తయ్య