కప్పు కింద తడి ఎక్కడిది?

ప్రశ్న: 1978 నాటి ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ కొన్నానండీ, వెస్ట్‌ఫాలియా వాళ్ళు బిగించిన పైకి లేచే కప్పు ఉంది. వాన పడితే పై పరుపు మూల తడుస్తోంది. నాకు అమ్మినాయన చుట్టూ సిలికాన్ దట్టంగా పూసి ఇచ్చాడు, అయినా ఆగలేదు. నేను ఇంకో పొర వేయనా?

జవాబు: వద్దు, ఆ ట్యూబు పక్కన పడేయండి. నీళ్ళు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో తెలియకుండా పూస్తే లోపలికొచ్చిన నీరు బయటికి పోయే సందు కూడా మూసుకుపోతుంది, పైగా సిలికాన్ అంటిన చోట తర్వాత పెయింటూ పట్టదు, ఇంకే జిగురూ నిలవదు. వెనిగర్ వాసనొచ్చే బాత్రూం రకమైతే కింది రేకుకి తుప్పు కూడా తెచ్చిపెడుతుంది. నేనూ ఒకప్పుడు ఆ పనే చేసి రెండు ఆదివారాలు దాన్ని గీకుతూ కూర్చున్నాను.

ముందు పాత సిలికాన్ అంతా ప్లాస్టిక్ పలకతో గీకి తీయండి. కప్పు మూసి గొళ్ళేలు పెట్టి, ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోండి, ఇంకొకరు పైపుతో మెల్లగా నీళ్ళు పోయాలి. కింది అంచు దగ్గర మొదలుపెట్టి, ఒక్కోచోట కొన్ని నిమిషాలు ఆగి, పైకి వెళ్ళాలి. పై నుంచి కుమ్మరిస్తే ఎక్కడ కారిందో తెలిసి చావదు. చాలాసార్లు దొంగ కప్పు కాదు, ముందువైపు లగేజీ రాక్ బోల్టులు. వాటిని విప్పి, కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) పెట్టి మళ్ళీ బిగిస్తే సరిపోతుంది.

బోల్టులు బాగుంటే కప్పు అంచు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ చూడండి. గోటితో నొక్కితే తిరిగి లేవకుండా అణిగిపోయి ఉందంటే దాని పనైపోయినట్టే. కొత్తది అంటించేటప్పుడు సాగదీయకండి, నాలుగు రోజులకి వెనక్కి ముడుచుకుని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. అతుకు వెనకవైపే రావాలి, ముందుంటే బండి నడిచేటప్పుడు ఎదురుగాలి వాన నీళ్ళని అందులోకి తోస్తుంది.

ఇంకోటి, వాన లేని రాత్రి పడుకుని లేచాక కూడా పరుపు అడుగు తడిగా ఉందా? అయితే అది కారడం కాదు, మీ ఊపిరే. ఇద్దరు పడుకుంటే ఆ ఆవిరంతా చల్లటి కప్పుకీ, పరుపు కింది చల్లటి చెక్కకీ తగిలి నీరవుతుంది. లేచిన కప్పు చుట్టూ ఉండే కాన్వాస్ గుడ్డలోని కిటికీ కొంచెం తెరిచి, పరుపు కింద గాలి ఆడేలా చెక్క పట్టీలు వేసుకోండి.

ప్రశ్న: కాన్వాస్ మీద నల్లటి బూజు. బ్లీచ్ వేస్తే పోతుందా?

జవాబు: బూజుతోపాటు కుట్టు దారం బలమూ పోతుంది. ఎండలో ఆరనిచ్చి పొడి బ్రష్‌తో దులపండి, తర్వాత గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం మామూలు సబ్బు, మెత్తటి బ్రష్. సబ్బు మిగలకుండా కడగాలి. మరక కొంత ఉండిపోతుంది, దాంతో టెన్షన్ పడకండి. పూర్తిగా ఆరాక నీరు పట్టనివ్వని ద్రావణం పూయండి. బూజుకి అసలు కారణం తడిగా మడిచి రోజుల తరబడి మూసి ఉంచడమే. వానలో మూయక తప్పకపోతే ఒకటి రెండు రోజుల్లోపు మళ్ళీ తెరిచి ఆరబెట్టండి, ఇది మాత్రం మానొద్దు.

ప్రశ్న: ఫైబర్‌గ్లాస్ కప్పు మీద కీలు దగ్గర పగులు. పుట్టీ పెట్టి రంగేస్తే చాలు కదా?

జవాబు: పై పూతలో మాత్రమే సాలెగూడులా సన్నటి గీతలుంటే చాలు. వేలితో నొక్కితే అంచులు కదులుతున్నాయంటే చాలదు, పుట్టీ ఒక్క ప్రయాణానికే రాలిపోతుంది. పగులు రెండు చివర్లా 3 మి.మీ. రంధ్రం వేయండి, అప్పుడు అది ముందుకు పాకదు. లోపలివైపు చుట్టూ గరుకుచేసి, అసిటోన్‌తో తుడిచి, గ్లాస్ మ్యాట్ (గాజు పీచు గుడ్డ) ముక్కలు ఒకదానికంటే ఒకటి పెద్దగా కత్తిరించి రెజిన్‌తో అంటించండి. రెజిన్‌ని గట్టిపరిచే హార్డనర్ డబ్బా మీద చెప్పినంతే కలపాలి. ఎక్కువేస్తే తొందరగా గట్టిపడుతుంది గానీ వేడెక్కి పెళుసవుతుంది. అది కంట్లో పడితే చాలా ప్రమాదం, రక్షణ కళ్ళద్దాలు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. బయటివైపు పూత, పాలిష్ తర్వాతి సంగతి. అసలు కీలు దగ్గరే ఎందుకు పగిలిందో చూశారా? ఒక పక్కే పట్టుకుని కప్పు లేపుతున్నారేమో, లేకపోతే కీలు బిగుసుకుపోయిందేమో.

ప్రశ్న: కప్పు లేపితే తనంతట తనే దిగిపోతోంది. ఇంకా బలమైన గ్యాస్ స్ట్రట్లు (కప్పుని ఎత్తి పట్టే, గ్యాస్ నిండిన గొట్టాలు) వేయించనా?

జవాబు: అంతే బలమున్నవి వేయండి, పాతవాటి మీద న్యూటన్లలో అంకె రాసి ఉంటుంది. ఎక్కువ బలమైనవి పెడితే పైన చెప్పిన పగులు మీకూ వస్తుంది. రెండూ ఒకేసారి మార్చండి, విప్పే ముందు కప్పుకి గట్టి కర్ర ఊతంగా పెట్టండి, చేతులు జాగ్రత్త. కప్పు మూసినప్పుడు సన్నటి కడ్డీ కిందికి ఉండేలా బిగిస్తే లోపలి నూనె సీలును తడిగా ఉంచుతుంది, ఎక్కువ కాలం వస్తాయి.