తప్పు అవతలివాళ్లదైనా ఫైల్ చార్జి మనమే కట్టాలా?

మీరు అడిగింది ఇది: రాజోలు దగ్గర రోడ్డు పక్కన ఆపి ఉన్న మీ కారుని ట్రాక్టరు వెనక నుంచి గుద్దింది. షెడ్డువాళ్లేమో మీ పాలసీలోనే క్లెయిమ్ పెట్టమంటున్నారు, ఫైల్ చార్జి వెయ్యి, పైన ఇంకొన్ని వేలు మీరే కట్టాలంటున్నారు. తప్పు మీది కానప్పుడు మీరెందుకు కట్టాలి?

షెడ్డు దగ్గర మాత్రం మీరే కట్టాలండి. కానీ ఆ డబ్బుని ట్రాక్టరు యజమాని నుంచి రాబట్టుకునే హక్కు మీకుంది. మన వైపు చాలామంది మొదటిది కట్టేసి రెండోదాన్ని వదిలేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే.

షెడ్డుల్లో ఫైల్ చార్జి అనేది పాలసీ కాగితం మీద ‘కంపల్సరీ డిడక్టబుల్’ అని ఉంటుంది, కొందరు ఎక్సెస్ అంటారు. 1500 సీసీ లోపు సొంత కార్లకి 1,000, అంతకు మించితే 2,000 రూపాయలు. ఇది మీకూ మీ కంపెనీకీ మధ్య ఒప్పందం, గుద్దింది ఎవరన్నదానితో సంబంధం లేదు. అందుకే ఏజెంటుతో ఎంత వాదించినా తగ్గదు. పాలసీ తీసుకునేటప్పుడు ప్రీమియం తగ్గుతుందని ‘వాలంటరీ డిడక్టబుల్’ ఒప్పుకుని ఉంటే అదీ కలుస్తుంది. ఒకసారి కాగితం తీసి చూడండి.

అసలు దెబ్బ ఈ వెయ్యి కాదు, అరుగుదల కింద కోసేది, అంటే పార్టు పాతబడిందని దాని ధరలో కంపెనీ ఇవ్వకుండా తగ్గించుకునేది. నాలుగేళ్ల కిందట మా కారుకి ఇలాగే అయింది. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన వైపు వెళ్తున్నాం, ముందు బస్సు ఆగితే మా ఆయనా ఆపారు. వెనక కొబ్బరికాయల లోడుతో వస్తున్న వ్యాను ఆగలేక గుద్దేసింది. డిక్కీ మూతపడక కొబ్బరి తాడుతో కట్టుకుని షెడ్డుకి తెచ్చుకున్నాం. బిల్లు సుమారు 34,000 వచ్చింది. కారుకి మూడేళ్లు దాటాయి, జీరో డెప్ (అరుగుదల కోత పడకుండా అదనంగా తీసుకునే కవరు) లేదు. కోత ఎలా పడిందో చూడండి: బంపరు 6,000, ప్లాస్టిక్ కాబట్టి కారు ఎంత కొత్తదైనా సగం పోతుంది, 3,000. డిక్కీ డోరు 12,000, ఇనుముకి మూడు నుంచి నాలుగేళ్ల మధ్య పావు వంతు, ఇంకో 3,000. వెనక లైటు 3,000లో 1,500. పెయింటింగు 8,000, అందులో పావు వంతుని రంగు ఖర్చుగా లెక్కేసి దానిలో సగం, అంటే 1,000. కూలి 5,000లో కోత లేదు. మొత్తం 8,500, పైన ఫైల్ చార్జి వెయ్యి. మా చేతి నుంచి పోవాల్సింది 9,500. అద్దం పగిలి ఉంటే దానికి కోత ఉండదు.

ఇది కాక ఎన్‌సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్ ఉంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లకి ప్రీమియంలో వచ్చే తగ్గింపు 20, 25, 35, 45, 50 శాతాలుగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్ పెడితే సున్నా, తప్పు మీది కాకపోయినా సున్నానే. ఉదాహరణకి మీ ఓన్ డ్యామేజి ప్రీమియం (మీ సొంత కారు నష్టానికి కట్టే భాగం) 8,000 అనుకుందాం, ఇప్పుడు 35 శాతంలో ఉన్నారు. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడాది 45 శాతం, 3,600 తగ్గేది. అది పోతుంది. ఆ తర్వాతి ఏళ్లలో కూడా 50 రావాల్సిన చోట 20, 25, 35, 45 అంటూ మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. ఆ తేడాలు 2,400, 2,000, 1,200, 400. అన్నీ కలిపితే 9,600. కారు విలువ పడిపోయే కొద్దీ ప్రీమియమూ తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం తక్కువే ఉంటుంది, కానీ చిన్న మొత్తం కాదు. అందుకని బిల్లు పది, పన్నెండు వేల లోపు అయితే మీ పాలసీ జోలికి వెళ్లకుండా మొత్తం ట్రాక్టరు యజమాని దగ్గరే అడగడం నయం. క్లెయిమ్ పెట్టినా ఈ తగ్గింపు పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ తీసుకుని ఉంటే ఈ లెక్క మారుతుంది.

మా వ్యాను యజమాని మంచిగానే మాట్లాడారు. కానీ ఆయన మాట ఒకటే: “మీకు ఇన్సూరెన్సు ఉంది కదండీ అమ్మా, అదే చూసుకుంటుందండీ.” నేను షెడ్డు ఎస్టిమేటు ముందు పెట్టి, నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపిన సర్వేయరు కోసిన ప్రతి అంకె కింద గీత గీసి, “ఇన్సూరెన్సు ఇవ్వనిది ఎవరిస్తారండీ?” అని అడిగాను. నష్టపరిహారం అని పెద్ద మాట అంటే భయపడతారు, గొడవకి దిగుతారు. కాగితం మీద అంకెలు చూపిస్తే బేరానికి వస్తారు. ఆయన కొంత బతిమాలుకుని చివరికి 9,000 ఫోన్‌లో పంపారు.

ఇక్కడ ఒక జాగ్రత్త, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. స్టేషన్లో రాజీ కాగితం రాసేటప్పుడు “ఇకపై నాకు ఏ హక్కూ లేదు, అంతా సెటిల్ అయింది” అని రాయించడం అలవాటు. దాని మీద సంతకం పెడితే మీ కంపెనీ పేచీ పెట్టవచ్చు. మీకు డబ్బిచ్చాక ఆ మొత్తాన్ని అవతలివాళ్ల మీద వసూలు చేసుకునే హక్కు కంపెనీది, దాన్ని మీరు వదిలేయకూడదు. అందుకే మేము “ఇన్సూరెన్సులో రాని ఫైల్ చార్జి, అరుగుదల కోత కింద మాత్రమే ఈ సొమ్ము ముట్టింది” అని రాయించాం. ముందుగా కంపెనీకి మెయిల్ కూడా పెట్టాం. ఒకే నష్టానికి రెండు చోట్లా తీసుకోవడం కుదరదు, కాబట్టి ఆ మాట స్పష్టంగా ఉండటం రెండు వైపులా మంచిది.

రాజీకి రాకపోతే? మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ మనుషులకి దెబ్బలు తగిలినప్పుడే అనుకుంటారు. కాదు, బండికి జరిగిన నష్టానికీ వెళ్లవచ్చు. ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు ఉండే ఊరు ఏ ట్రిబ్యునల్ కిందకి వస్తే అక్కడా వేయవచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయాలనే గడువు 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. దాని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి గానీ మీరు మాత్రం ఆ లోపే పెట్టండి. మొత్తం మరీ చిన్నదైతే లాయరు ఖర్చు, తిరుగుడు చూసుకోండి. 9,500 కోసమైతే నేను వెళ్లను, ఓ యాభై వేలు దాటితే తప్పకుండా వెళ్తాను.

ఇవన్నీ నిలబడాలంటే సాక్ష్యం కావాలి. మన కాలవ గట్ల రోడ్లు ఇరుకు, గుద్దిన మరుక్షణం వెనక నుంచి హారన్లు, “పక్కకి తీయండి” అని కేకలు. ఆ టెన్షన్‌లోనైనా ముందు ఫోటోలు తీసి అప్పుడు బండి కదపండి. ట్రాక్టరుకి ఒక నంబరు, వెనక తగిలించే ట్రక్కుకి (ట్రైలరుకి) వేరే నంబరు ఉంటాయి, రెండూ పడాలి. మీ విషయంలో ఆ అవకాశం దాటిపోతే అక్కడి కొట్టువాళ్లు ఎవరైనా తీశారేమో ఈరోజే అడగండి. నంబరు ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో దాని ఇన్సూరెన్సు ఎప్పటి వరకు ఉందో కనిపిస్తుంది. ఇన్సూరెన్సు లేకపోయినా యజమాని బాధ్యత పోదు, జేబులోంచి ఇవ్వాలి. స్టేషన్లో జీడీ ఎంట్రీ (జనరల్ డైరీలో నమోదు) వేయించి కాపీ తీసుకోండి.

సర్వేయరు చూడకుండా బంపరు విప్పనివ్వకండి. విప్పిన పాత సామాను కూడా షెడ్డులోనే ఉంచమనండి.

మీ కారు వయసు ఎంత, జీరో డెప్ ఉందా, ఎన్‌సీబీ ఇప్పుడు ఎంత శాతంలో ఉంది, ఎస్టిమేటులో ఏ పార్టుకి ఎంత వేశారు, ఇవి కింద రాయండి. క్లెయిమ్ పెట్టడం లాభమో, ట్రాక్టరు యజమానిని నేరుగా అడగడం లాభమో లెక్క వేసి చెబుతాను.