ఆగస్టు 15 డ్యూటీకి వెళ్తున్న మా స్రవంతికి

చిరంజీవి స్రవంతికి,

పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు ఎన్‌సీసీలో సీనియర్ అండర్ ఆఫీసర్‌వి, అంటే కేడెట్లకు పెద్దవి, అయ్యావని మీ నాన్న ఫోన్‌లో చెప్పినప్పుడు మీ పెద్దమ్మ, నేను ఎంత సంతోషించామో! ఆ సాయంత్రమే నీ మెసేజ్ వచ్చింది. మండల కేంద్రంలో పంద్రాగస్టు సభకు మీ కేడెట్లే వాలంటీర్లనీ, నీకు టెన్షన్‌గా ఉందనీ రాశావు. కాలేజీలో ఎన్‌సీసీ ఆఫీసర్‌గా ఉన్నన్నాళ్లూ ఇలాంటి సభలకు పిల్లల్ని తీసుకెళ్లినవాణ్ణి కాబట్టి తెలిసినంత రాస్తున్నాను. పొడుగైనా ఓపిగ్గా చదువు.

మార్చ్ బాగా చేస్తే చప్పట్లు కొడతారు. చెయ్యండి, బాగా చెయ్యండి. కానీ వాలంటీర్లుగా వెళ్లినప్పుడు మీ అసలు పని రెండే: వచ్చిన జనాన్ని చూసుకోవడం, జెండాను చూసుకోవడం. ఈ రెండూ సరిగ్గా జరిగితే ఎవరి అడుగైనా ఒకటి తప్పినా నేను పట్టించుకోను. డ్రిల్ నేర్పే హవల్దార్లు ఈ మాటకు ఒప్పుకోరు, అయినా నా అభిప్రాయం ఇదే.

ముందు అనుమతి సంగతి. పిలుపు కాగితం మీద రావాలి, అది మీ ఎన్‌సీసీ ఆఫీసర్ ద్వారా బెటాలియన్‌కు వెళ్లాలి. ఆగస్టు నెలలో యువజన సంఘాలు, నాయకుల అనుచరులు కూడా "పది మంది పిల్లల్ని యూనిఫాంలో పంపండమ్మా" అని నేరుగా నీకే ఫోన్ చేస్తారు. తెలిసినవాళ్లే అడుగుతారు, అదే ఇబ్బంది. "మా సార్‌ని అడగండి" అని మర్యాదగా చెప్పి ఊరుకో. పార్టీ కండువా ఉన్న చోట మన యూనిఫాం ఉండకూడదు, అది ఏ పార్టీ అయినా సరే.

ఇక జెండా కర్ర. దీని గురించి ఎక్కువ రాస్తున్నానంటే కారణం ఉంది. ఇనుప పైపుకు పైనున్న కరెంటు తీగ తగిలి ప్రాణాలు పోయిన వార్తలు జెండా పండుగల రోజుల్లో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. అందుకే పద్నాలుగో తారీకు ఎండ ఉండగానే నువ్వే స్వయంగా గ్రౌండ్‌కు వెళ్లు. ముందు తల పైకెత్తి తీగలు చూడు. కర్ర నిలబెట్టేటప్పుడు ఎటు ఒరిగినా తీగకు అందని చోటైతేనే ఒప్పుకో. స్టేజీకి దగ్గరనో, ఫొటోలో బాగుంటుందనో ఎవరు చెప్పినా వినకు. పైపు లేపడం పెద్దవాళ్ల పని, కేడెట్లు చెయ్యి వెయ్యకూడదు.

తర్వాత కప్పీ, తాడు. ఆగస్టులో వాన పడితే తాడు నాని ఉబ్బుతుంది, కప్పీలో ఇరుక్కుంటుంది. అందుకని తాడు తడిపి కూడా ఒకసారి లాగి చూడండి. ప్రాక్టీసుకు జెండా వాడొద్దు, అదే సైజు మామూలు గుడ్డ చాలు. అసలు జెండా కొన్నప్పుడు టేపుతో కొలవండి: పొడవు, వెడల్పు 3:2 నిష్పత్తిలో ఉండాలి. బజారులో అమ్మేవాటిలో చాలా వాటికి ఈ లెక్క కుదరదు. చక్రంలో 24 ఆకులున్నాయో లేదో లెక్కపెట్టండి. కాషాయం పైకి వచ్చేలా తాడుకు కట్టారా అని ఇద్దరు వేర్వేరుగా చూడాలి, ఒక్కరి కన్ను చాలదు. మడతలో పూలరేకులు పెట్టొచ్చు, జెండా నియమావళి అయిన ఫ్లాగ్ కోడ్‌లో దానికి అభ్యంతరం లేదు. కర్ర చివర మాత్రం పూలదండ కట్టకూడదు. ఎక్కించేటప్పుడు చురుగ్గా, దించేటప్పుడు నెమ్మదిగా.

ముందే కాగితం మీద డ్యూటీలు రాసుకో. ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఆడపిల్లలకు ముగ్గులూ పన్నీరూ, మగపిల్లలకు పైలట్ డ్యూటీ - ఈ పంపకం చెయ్యకు. అతిథిని కారు దగ్గర్నుంచి జెండా దాకా తీసుకెళ్లే పైలట్లుగా అడుగు బాగా కలిసేవాళ్లను పెట్టు, వాళ్లెవరైనా సరే. అందరికంటే నెమ్మదస్తులైన ఇద్దర్ని ముసలివాళ్ల కోసం ఉంచు.

అదే సభలో అన్నిటికంటే పెద్ద పని అని నా నమ్మకం. మాజీ సైనికులొస్తారు. ఒక్కోసారి యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న వీరనారి గానీ, కొడుకును పోగొట్టుకున్న తల్లి గానీ వస్తుంది. వాళ్లను పిలిచి, తీరా వచ్చాక ఎక్కడో వెనక కుర్చీలో కూర్చోబెట్టడం నేను చాలా సభల్లో చూశాను. చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోయేది. గేటు దగ్గర ఒక కేడెట్ వాళ్ల కోసమే నిలబడాలి. ముందు వరుసలో కుర్చీలకు కాగితం అంటించి ఉంచండి. ఎవరైనా నాయకుడి మనుషులు వచ్చి కూర్చుంటే, "ఇవి సైనిక కుటుంబాలవి అండీ" అని చెప్పే ధైర్యం ఆ కేడెట్‌కు ఉండాలి. వచ్చినావిడ పక్కనే ఒక అమ్మాయి కూర్చోవాలి. మంచినీళ్లివ్వాలి, బాత్‌రూమ్ ఎక్కడో చూపించాలి. వాళ్ల అబ్బాయి ఎలా పోయాడని అడగకూడదు. ఆవిడే చెప్తే మాత్రం ఎంతసేపైనా వినాలి. "రెండు మాటలు మాట్లాడండమ్మా" అని మైకు ముందుకు లాగడం వద్దు, ఇష్టమో కాదో రెండు రోజుల ముందే ఇంటికెళ్లి కనుక్కోండి. సభ అయ్యాక ఆటో ఎక్కించి, ఇంటికి చేరారా అని ఫోన్ చెయ్యండి.

మన పిల్లలు కళ్లు తిరిగి పడిపోవడం ప్రతి ఏడూ జరిగేదే. ఏమీ తినకుండా తెల్లవారుజామునే వచ్చేస్తారు. రెండు ఇడ్లీలైనా తిన్నాకే ఫాలిన్ చేయించు, అంటే వరుసలో నిలబెట్టు. మోకాళ్లు బిగబట్టి నిలబడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, బూట్లలో వేళ్లు కదుపుతూ ఉండమని చెప్పు. వరుస వెనక ఇద్దరు ఓఆర్‌ఎస్ నీళ్లతో ఉండాలి. ఎవరైనా పడిపోతే నీడలో పడుకోబెట్టి, బెల్టు వదులు చేసి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్లు పొయ్యొద్దు. ముఖ్య అతిథి "బయలుదేరారు" అన్న కబురు నమ్మి పిల్లల్ని ఎండలో నిలబెట్టకు. ఊళ్లోకి వచ్చారని తెలిశాకే వరుసలోకి పిలువు.

జనగణమన పూర్తిగా పాడటానికి సుమారు 52 సెకన్లు. స్పీకర్‌ను నమ్ముకోకుండా శ్రుతిగా పాడేవాళ్లు నలుగురు సిద్ధంగా ఉండాలి. ఆ సమయంలో డ్యూటీలో ఉన్నవాళ్లు కూడా ఎక్కడున్నవాళ్లు అక్కడే సావధాన్‌లో ఆగాలి. సెల్‌ఫోన్ ఎవరి చేతిలోనూ కనపడకూడదు.

హైస్కూలు పిల్లలతో ఉపన్యాసం చెప్పించమన్నారట కదా. మన జిల్లా గురించి చెప్పించు. పింగళి వెంకయ్య గారి భట్లపెనుమర్రు మనకు దగ్గరే. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు ఆయన గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో చరఖా స్థానంలో అశోక చక్రం వచ్చింది. ఇవి ఆ పిల్లలు తమ మాటల్లో చెప్తే చాలు, ఇంటర్నెట్‌లో దొరికిన పెద్ద పెద్ద మాటలు బట్టీ పట్టించొద్దు.

సభ అయిపోయాక జనం వెళ్లిపోతారు, కాగితపు జెండాలు నేల మీద మిగిలిపోతాయి. అప్పుడు మీరు అక్కడే ఉండాలి. ఒక్కొక్కటీ ఏరి, శుభ్రమైన సంచిలో వేసి కాలేజీకి తీసుకెళ్లండి. చెత్తబుట్టలో వెయ్యకూడదు. పాడైన జెండాను నలుగురి మధ్య కాకుండా, చాటుగా, గౌరవంగా, పూర్తిగా కాల్చెయ్యడం మేలని ఫ్లాగ్ కోడ్ చెప్తోంది. మీ సార్ దగ్గరుండగా చెయ్యండి.

ఇంకో పని కూడా చెప్తాను, చేస్తే నాకు చాలా ఆనందం. 2022 నుంచి ఇళ్ల మీద జెండా రాత్రీ పగలూ ఎగరేసుకోవచ్చు. జనం ప్రేమగా కడుతున్నారు, తర్వాత దించడం మర్చిపోతున్నారు. సెప్టెంబరు వచ్చేసరికి అవి వెలిసిపోయి, చిరిగిపోయి డాబాల మీద వేలాడుతుంటాయి. పండుగైన వారానికి మీ కేడెట్లను వీధికి ఇద్దరు చొప్పున పంపు. "జెండా దించి భద్రంగా మడిచి పెట్టుకుంటారా, చిరిగిపోతే మాకిస్తారా అండీ" అని అడగమను. ఎవరినీ తప్పుపట్టొద్దు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి విరాళాల డబ్బాతో మళ్లీ అవే ఇళ్లకు వెళ్లినప్పుడు మిమ్మల్ని గుర్తుపడతారు.

చివరగా హాజరు. గ్రౌండ్ వదిలే ముందు ఫాలిన్ చేయించి తలలు లెక్కపెట్టు, పొద్దున రాసుకున్న సంఖ్యతో సరిపోవాలి. రిఫ్రెష్‌మెంట్ పొట్లం అందరికీ అందాకే నువ్వు తీసుకో. పక్క ఊళ్ల అమ్మాయిలు బస్సు ఎక్కేదాకా ఒక సీనియర్‌ను స్టాండ్‌లో ఉంచు. జెండా తాడుకు ముడి ఎలా వెయ్యాలో కాగితం మీద చెప్తే తెలియదు, వచ్చే ఆదివారం ఇంటికి రా, చేసి చూపిస్తాను. మీ జూనియర్లను కూడా ఇద్దర్ని తీసుకురా.

ఇట్లు,
మీ పెద్దనాన్న