నానమ్మను పేషెంటుని చేయకు

అమ్మాయ్,

నీ కథ అందింది. మొదటి రెండు పేజీలు బాగున్నాయి. తాతయ్య పోయాక కూడా తెల్లవారుజామున వసారాలోంచి ఆయన దగ్గు వినిపించడం, నానమ్మ లేచి రెండో గ్లాసు కాఫీ కలపడం చదువుతుంటే గొంతు పట్టేసింది. ఆ తర్వాత సైకాలజీ చదివిన మనవడిని దింపి, పేజీన్నర లెక్చర్ ఇప్పించి, "అంతా నా పిచ్చి" అని ఆవిడ చేతే అనిపించావు. అక్కడ కోపం వచ్చింది.

ఆ దగ్గు మనసు పుట్టించిందే అన్నంతవరకు వాడి మాట సరే. మందులు వాడాలన్నాడే, అది తప్పు. వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు, భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ఆ వివరాలు ప్రచురించాడు. దాదాపు సగం మందికి ఇలాంటి అనుభవం ఏదో ఒకటి ఉంది. వాళ్ళలో ఎక్కువమందికి పోయిన మనిషి పక్కనే ఉన్నట్టు అనిపించింది. కొందరికి కనిపించారు, కొందరికి గొంతు వినిపించింది. ఎక్కువకాలం కాపురం చేసినవాళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. చాలామందికి అది ఊరటే. అయినా ఎక్కువమంది అంతకుముందు ఎవరితోనూ చెప్పుకోలేదు. ఎందుకు చెప్పుకోలేదో నీ మనవడిని చూస్తే తెలుస్తుంది.

యాభై ఏళ్ళు ఒకే మనిషి అలికిడికి అలవాటుపడిన మెదడు, తలుపు కిర్రుమన్నా ఆ మనిషినే వెతుక్కుంటుంది. అందులో దయ్యమూ లేదు, జబ్బూ లేదు. కారణం తెలిసిందని ఆవిడ విన్నది వినకుండా పోదు.

మా అత్తయ్య మీద నేనూ ఇలాంటి కథే రాశాను. ఒక సంపాదకుడు దయ్యాన్ని పెడితే వేస్తానన్నాడు. ఇంకొకాయన "మూఢనమ్మకాన్ని ఖండించలేదేం?" అని తిప్పి పంపాడు. ఒకరికి వణుకు కావాలి, మరొకరికి పాఠం కావాలి, మా అత్తయ్య ఇద్దరికీ అక్కర్లేదు. ఆ కథ ఏళ్ళ తరబడి ట్రంకుపెట్టెలో పడి ఉంది. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. మావయ్య చెప్పుల చప్పుడు వినబడిన రోజు అత్తయ్య ఇంకో ముద్ద ఎక్కువ తినేది. నేను రాసింది అదే.

పోటీ గురించీ, పుస్తకం వేయించడం గురించీ అడిగావు. ముందు ఈ కథ సంగతి చూడు. మనవడిని తీసేయకు, వాడి చదువూ తీసేయకు. ఆ పేజీన్నర కొట్టేసి, "తాతయ్య ఇంకేమైనా అన్నాడా నానమ్మా?" అని అడిగించు. ఆవిడ చెప్పింది రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటి మనిషి