జింకల వేటకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చారా? అమెరికాలో తప్పు కాని వేట ఇక్కడెందుకు తప్పు?

అడిగినవారు రెండు ప్రశ్నలు ఒకే ముడి వేశారు. వానలో తడిసి, రోజంతా కూర్చుని, ఏమీ దొరక్క విసిగిపోయిన అనుభవం ఎవరికైనా ఉందా అన్నది ఒకటి. అక్కడ లైసెన్స్ తీసుకుని దర్జాగా వేటాడుతుంటే మన దగ్గర జైలు ఎందుకన్నది రెండోది. మొదటిదానికి నా దగ్గర జవాబుంది. రెండోది మా ఇంట్లోనే ఇంకా తెగలేదు.

మాది యర్రావారిపాళెం వైపు, తలకోన అడవికి ఆనుకున్న పల్లె. చేను దాటితే వంక, వంక దాటితే అడవి. నేను తుపాకి పట్టింది లేదు. వేటగాడి పక్కన కూర్చుని వణికింది మాత్రం ఉంది, అదీ మా ఊళ్లో కాదు, పెన్సిల్వేనియాలో.

2014 నుంచి నాలుగేళ్లు అక్కడ ఉద్యోగం చేశాను. మా ఆఫీసులో అరవైకి దగ్గరపడ్డ పెద్దాయన ఒకరు ఉండేవారు. అప్పట్లో అక్కడ తుపాకి వేట నవంబర్ ఆఖర్లో, థాంక్స్ గివింగ్ పండగ తర్వాతి సోమవారం మొదలయ్యేది. పల్లెటూళ్లలో చాలా బడులకు ఆ రోజు సెలవే. కనుమ నాడు మన ఆఫీసుల్లో కుర్చీలు ఎలా ఖాళీగా ఉంటాయో అలా ఉండేది. మాది అడవి పక్క పల్లె అని ఎప్పుడో మాటల్లో చెప్పాను. అది గుర్తుపెట్టుకుని ఒక ఏడాది రమ్మన్నారు. ఊరికే చూడటానికేలే అని వెళ్లాను.

తెల్లారుజామున నాలుగింటికే లేపి నాకొక నారింజ రంగు కోటు, టోపీ ఇచ్చారు. తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల మేర ఆ మెరిసే రంగు కనపడాలని అక్కడి రూలు, ఒకరినొకరు కాల్చుకోకుండా. ఇంత రంగు వేసుకుంటే జింక చూడదా అంటే నవ్వారు. దానికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదట. రంగు సంగతి వదిలెయ్, నీ ఒంటి వాసన దానికి అందకుండా చూసుకో అన్నారు. ముందురోజు వేసిన పోపు నా స్వెటర్‌లో అప్పటికే ఉంది. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

వాన అంటే మన వాన కాదు. సగం నీళ్లు, సగం మంచు. చెవి మీద పడితే సూది గుచ్చినట్టు ఉంటుంది. గాలివాటం చూసుకుని ఒక కూలిన చెట్టు వెనక మాటు వేశాం. అరగంటలో గాలి తిరిగింది. లేచి ఇంకో పక్క కూర్చున్నాం. మళ్లీ తిరిగింది. ఏడింటికి ఒక ఆడ జింక వచ్చింది. మా వైపు మూతి ఎత్తి, ముందుకాలితో నేలను ఒక్క తన్ను తన్ని, తోక నిలబెట్టింది. ఆ తోక అడుగు తెల్లగా జెండాలా కనపడింది, మరుక్షణం జింక లేదు. తర్వాత ఎనిమిది గంటలు ఏమీ లేదు. కాఫీ తొమ్మిదికే అయిపోయింది. మేజోళ్లలోకి నీళ్లు దిగాయి. దగ్గకూడదు, కాలు కదపకూడదు, ఒంటికి పోవాలన్నా ఎక్కడికో దూరం పోవాలి. మధ్యాహ్నానికి నాకు జింక మీద ఆశ పోయి ఆయన మీద కోపం మొదలైంది.

పొద్దు గూకే వేళకు కొమ్ముల జింక వచ్చింది. అరవై అడుగులు ఉంటుందేమో, అంతే. ఆయన తుపాకి ఎత్తారు. తుపాకికి బిగించిన దూరదర్శిని అద్దం మీద మంచు పేరుకుంది. బొటనవేలితో తుడిచారు. మళ్లీ చూశారు. మళ్లీ తుడిచారు. నాకు గుండె గొంతులో కొట్టుకుంటోంది. ఆయన మెల్లగా తుపాకి దించేశారు. జింక ఏ తొందరా లేకుండా దాని దారిన అది వెళ్లిపోయింది.

కారులో కూర్చున్నాక ఉండబట్టలేక అడిగేశాను. రెండు కారణాలు చెప్పారు. ఆ రాష్ట్రంలో 2002 నుంచి మగ జింక కొమ్ములకు లెక్కుంది. చాలా ప్రాంతాల్లో ఒక వైపు కొమ్ముకు కనీసం మూడు మొనలు ఉండాలి, లేకపోతే కాల్చకూడదు. కుర్ర జింకలు పెరగనివ్వాలని ఆ రూలు. ఆ మంచులో ఆయనకు మొనలు లెక్కకు రాలేదు. రెండో కారణమే నాకు ఇప్పటికీ గుర్తు. గుండు ఊపిరితిత్తుల్లో సరిగ్గా దిగినా జింక ఉన్నచోటే పడిపోదు, వంద గజాలైనా పరిగెత్తుతుంది. ఆకుల మీద నెత్తురు చుక్కలు పట్టుకునే దాన్ని వెతకాలి. వాన ఆ చుక్కల్ని కడిగేస్తుంది, పైగా చీకటి పడుతోంది. దొరక్కపోతే రాత్రంతా ఏ పొదలోనో కొట్టుకుని చస్తుంది. ఆ పాపం నేను మోయలేను అన్నారు, వైపర్లు వేస్తూ, మామూలుగా.

మంగళవారం కూడా ఆయన సెలవు పెట్టారు. శనివారం మళ్లీ వెళ్లారు. ఆదివారం అప్పట్లో వేట లేదు. ఆ ఏడాది ఆయనకు ఒక్కటీ దొరకలేదు. అక్కడ అందరూ ఇలాంటివాళ్లే అనుకోకండి. రోడ్డు పక్కన కారు ఆపి కాల్చేవాళ్లు, చీకట్లో లైటు వేసి కొట్టేవాళ్లు అక్కడా పట్టుబడుతుంటారు.

ఇంటికి ఫోన్ చేసి ఈ కథ చెబితే మా అవ్వ ఒకటే నవ్వు. మా తాత కూడా ఇలాగే ఉత్త చేతులతో వచ్చేవాడట. ఆయనది ముందు నుంచి మందు దట్టించి కొట్టే తుపాకి. కార్తీక మాసం ముసురులో ఒకసారి కణితి, అంటే సాంబార్ జింక, ఎదురుపడిందట, ఇంత కొమ్ములతో. మీట నొక్కితే టప్‌మని చప్పుడైందే గానీ మందు తడిసి పేలలేదు. అది నిలబడి చూసిందట, ‘ఏమైంది పెద్దాయనా’ అన్నట్టు. తడిసి ఇంటికొచ్చి, సంగటిలో ఊరిబిండి వేసుకుని తిని, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడంట.

ఆయనకూ కొన్ని పట్టింపులు ఉండేవి. నీళ్ల కాడ కొట్టకూడదు, పిల్ల వెంట ఉన్నదాన్ని కొట్టకూడదు. ఇది విని మా తాతను ధర్మరాజు చేయకండి. ఆయన తరంలోనే మా పక్క కొండ మీద కణుతులు పలచబడ్డాయని మా నాయనే చెబుతాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా కొన్ని జంతువులకు లైసెన్స్ మీద వేట ఉండేది. 1991 సవరణతో ఆ లైసెన్సులూ పోయాయి. మా తాత తుపాకి అంతకుముందే ఇంట్లోంచి పోయింది.

ఇక ఎందుకు తప్పు అన్న ప్రశ్నకు వస్తాను. దీనికి నాకు జవాబు పుస్తకంలో దొరకలేదు, మా చేని గట్టున దొరికింది.

2021 నవంబర్ వానలు తిరుపతి వాళ్లెవరూ మరిచిపోరు. ఊరి రోడ్లే ఏర్లయ్యాయి. మా వంక మూడు రోజులు ఎవరినీ దాటనివ్వలేదు. నీళ్లు తగ్గాక కంచె ఏమైందో చూద్దామని నేను, మా బావమరిది వెళ్లాం. వంక అవతల, కానుగ చెట్టు మొదట్లో ఒక చుక్కల దుప్పి పడి ఉంది. ఆడది. మెడకు క్లచ్ వైరు ఉచ్చు. చెట్టు చుట్టూ బురద గుండ్రంగా, గానుగ ఎద్దు తిరిగినట్టు తొక్కి ఉంది. ఆ వలయంలో గడ్డి పోచ మిగల్లేదు. చెట్టు బెరడు ఒక అడుగు ఎత్తులో వైరు రాసుకుని తెల్లగా లేచిపోయింది. మెడ దగ్గర చూడలేకపోయాను. అప్పటికే వాసన కొడుతోంది. ఉచ్చు పెట్టినవాడు కూడా వంక దాటి రాలేకపోయాడు. మాంసం వాడికీ దక్కలేదు.

అక్కడ నిలబడితే నాకు పెన్సిల్వేనియా పెద్దాయన వైపర్లు గుర్తొచ్చాయి. ఆయన వాన చూసి తుపాకి దించాడు. ఉచ్చుకు వాన లేదు, రాత్రి లేదు. కొమ్ముల మొనలు లెక్కపెట్టదు, కడుపుతో ఉందా అని చూడదు, దుప్పి వస్తుందా చిరుత వస్తుందా మేకపిల్ల వస్తుందా దానికి అక్కర్లేదు. వేటలో ధర్మం ఏదైనా ఉంటే, ఈరోజు ఏమీ వద్దులే అనుకుని లేచి రాగలిగే మనసులో ఉంటుందని నా లెక్క. ఆ విసుగును తప్పించుకోవడానికే మనిషి ఉచ్చు కనిపెట్టాడు, ఆ తర్వాత మోటారు లైను నుంచి కరెంటు తీగ లాగడం నేర్చుకున్నాడు. పలమనేరు, కుప్పం వైపు పందుల కోసమో చేను కోసమో లాగిన తీగలకు ఏనుగులు చచ్చిపోయిన వార్తలు చూస్తూనే ఉన్నాం. మనుషులు కూడా పోతున్నారు.

అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేశాం. వచ్చి చూసి రాసుకుని వెళ్లారు. ఉచ్చు ఎవరిదో ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఈ మాట ఇక్కడ రాయకపోతే మిగతాదంతా అబద్ధం అవుతుంది.

ఆ రాత్రి మా వసారాలో పెద్ద రచ్చే జరిగింది. మా చిన్నాయన చెనిక్కాయల రైతు. ఆ ఏడు మంచె మీద నలభై రాత్రులు డబ్బా కొట్టుకుంటూ మేలుకున్నాడు, చేను చుట్టూ మా పిన్నమ్మ పాత చీరలన్నీ కట్టాడు. అయినా పందులు, దుప్పులు కలిసి పావు చేను ఊడ్చేశాయి. ‘జింకకు చట్టం ఉండాది. నా చెనిక్కాయలకు ఏముండాదిరా?’ అన్నాడు. దానికి నా దగ్గర మాట లేదు. నష్టపరిహారం కోసం అర్జీ పెట్టు అంటే, ఆఫీసు చుట్టూ తిరిగే బస్సు ఛార్జీలు నువ్విస్తావా అన్నాడు.

మా బావమరిది కాళహస్తి వైపు తీసుకెళ్లాడు వాదాన్ని. కన్నప్ప వేటాడిన మాంసమే కదా శివుడు తిన్నది, తిరుమల స్వామి కూడా కనుమ నాడు పార్వేటకు వెళ్తాడు కదా అని. నిజమే, కానీ పార్వేట ఇప్పుడు ఉత్సవం. స్వామి మండపానికి వేంచేస్తాడు, బల్లెం విసిరే లాంఛనం జరుగుతుంది, సాయంత్రానికి గుడికి వచ్చేస్తాడు. అడవిలో ఒక్క జీవం తగ్గదు. తిరుపతిలో చదువుకునే మా చిన్నమ్మాయి అసలు వేట అనే మాటకే ఏడుపు మొహం పెట్టింది. దానికి జింక అంటే అలిపిరి మెట్లదారి పార్కులో కంచెలోంచి మూతి చాపే ప్రాణి. ‘కోడిని కోసేటప్పుడు రాదే ఈ జాలి’ అని చిన్నాయన ఒక్క పోటు పొడిచాడు. కోడికూర అప్పుడే పొయ్యి మీద ఉడుకుతోంది.

చట్టం సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చంపితేనే నేరం అని చాలామంది అనుకుంటారు. ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, ఆ ప్రయత్నం చేయడం కూడా చట్టం దృష్టిలో వేటే. అడవి జంతువు మాంసం ప్రభుత్వ ఆస్తి, కవర్లో పెట్టి ఎవరో పంపారు అన్నా ఇంట్లో దొరికితే కేసు. డిగ్రీ చదివేటప్పుడు అలా వచ్చిన కూర నేనూ తిన్నాను, ఏమిటని అడక్కుండా. మామూలు కేసుల్లో మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. 2022 సవరణలో జరిమానా పరిమితిని పాతిక వేల నుంచి లక్షకు పెంచారు. చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జంతువైతే, అంటే మన రాష్ట్ర జంతువు కృష్ణజింక లాంటిదైతే, మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా.

అక్కడ ఎందుకు కుదిరింది అంటే, అక్కడ తోడేళ్లు లేవు. పెన్సిల్వేనియాలో తోడేలునూ కొండ సింహాన్నీ మనుషులే ఎప్పుడో తుడిచేశారు. జింకలు కూడా 1900 నాటికి దాదాపు అయిపోతే బయటి రాష్ట్రాల నుంచి తెచ్చి వదిలారు. తినేవాళ్లు లేక అవి విపరీతంగా పెరిగాయి. ఇప్పుడు ఏ ప్రాంతంలో ఎన్ని ఆడ జింకలను కొట్టొచ్చో ఏటా లెక్కకట్టి పర్మిట్లు ఇస్తారు. తుపాకులు, తూటాల మీద పన్ను 1937 చట్టం నుంచి వన్యప్రాణుల పనికే వెళ్తుంది. వేటాడిన మాంసం అమ్ముకోవడానికి లేదు. మన శేషాచలంలో చిరుతలు ఉన్నాయి, రేచుకుక్కలు ఉన్నాయి. ఉచ్చులో పడిన దుప్పి వాటి కూడు. అది అయిపోతే చిరుత మా ఊరి మేకల దొడ్డికి వస్తుంది. అందుకే అక్కడి రూలు తెచ్చి ఇక్కడ పెడతామంటే నేను ఒప్పుకోను. చిన్నాయన మాత్రం దుప్పులు వద్దు, పందులనైనా కాల్చనివ్వండి అంటాడు. పందుల విషయంలో ఆయనతో పూర్తిగా విభేదించలేను, రైతు గోడు నిజం.

పోయిన డిసెంబర్‌లో పెన్సిల్వేనియా పెద్దాయన ఫోటో పంపారు. నారింజ కోటు తాడు మీద ఆరేసి ఉంది, నీళ్లు కారుతున్నాయి. మూడు రోజులు వాన, ఒక్క తోక కూడా కనపడలేదు అని రాశారు. చిన్నాయనకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

‘మూడు దినాలు తడిసినాడా? ఈయనెవరో మీ తాత మాదిరే ఉండాడే’ అన్నాడు. కాసేపాగి, ‘ఆ కోటు మనకాడ దొరుకుతాదా? మంచె మీదికి బాగుంటాది’ అని అడిగాడు.