యానిమేషన్‌లో మహిళా దర్శకులు డిస్నీ తర్వాతే వచ్చారా?

హనుమకొండలో యానిమేషన్ నేర్చుకుంటున్న ఒక విద్యార్థిని, పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలకు మహిళలు దర్శకత్వం వహించడం డిస్నీ తర్వాతే మొదలైందా అని అడిగారు. కాదు. 1899లో బెర్లిన్‌లో జన్మించిన లోటె రైనిగర్ తీసిన 'ప్రిన్స్ అక్మెద్ సాహసాలు' 1926లోనే విడుదలైంది. డిస్నీ 'స్నో వైట్' వచ్చింది 1937లో. అర్జెంటీనాలో రైనిగర్ కంటే ముందు తీసిన పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలు మిగలలేదు కాబట్టి, నేడు చూడగలిగే వాటిలో అత్యంత పాతది రైనిగర్ చిత్రమే.

మన తోలుబొమ్మలాటలో బొమ్మ తెర వెనుక ప్రేక్షకుల ఎదుటే ఆడుతుంది. రైనిగర్ మాత్రం నల్ల అట్టను కత్తెరతో కత్తిరించి, అవయవాలను కీళ్ల దగ్గర సన్నని తీగతో కలిపి, కింది నుంచి వెలుగు పడే గాజు బల్లపై పరచి, ఒక్కొక్క ఫ్రేముకు రవ్వంత చొప్పున కదుపుతూ పైనున్న కెమెరాతో చిత్రీకరించేవారు. లోతు కనిపించడానికి గాజు పలకలను అంచెలుగా అమర్చారు. ఇలా బొమ్మలను అంచెలుగా ఉంచి చిత్రీకరించే 'మల్టీప్లేన్' పద్ధతి అనగానే డిస్నీ పేరే చెప్పడం అలవాటైంది గానీ, ఆ ఆలోచన ఇక్కడ ముందే ఉంది. లూయిస్ హాగెన్ అనే బ్యాంకరు పెట్టుబడి పెట్టగా, భర్త కార్ల్ కోహ్ కెమెరా బాధ్యత చూడగా, ఈ పని 1923 నుంచి మూడేళ్లు సాగింది.

ఆ తర్వాత ఆమె ఎక్కువగా లఘుచిత్రాలే తీశారు. నాజీల జర్మనీ వదిలి, యుద్ధానంతరం లండన్‌లో స్థిరపడి, 1950లలో టెలివిజన్ కోసం జానపద కథలు చిత్రించారు. 1981లో మరణించేందుకు కొద్ది సంవత్సరాల ముందు, 1975లో, కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు కోసం కూడా కత్తెర పట్టారు.