పరారీ, ఎగవేత, కాందిశీకులు: ఇంగ్లిష్‌లో ఏ మాట ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చెప్పాపెట్టకుండా మానేశాడు. కంపెనీ వాళ్లు ‘అబ్‌స్కాండింగ్’ అంటూ మెయిల్ పంపారు. పేపర్లో నిందితుల గురించి రాసే మాట కదా, ఇంట్లో అందరికీ టెన్షన్. వాడేమో ‘ఐ యామ్ నాట్ అబ్‌స్కాండింగ్, ఐ యామ్ అవాయిడింగ్ మై మేనేజర్’ అని జవాబిస్తానంటున్నాడు.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ముందు ఆ జవాబు ఆపండి. వ్యాకరణం శుభ్రంగా ఉంది, చిక్కల్లా అక్కడే. అవాయిడ్ అంటే తెలిసి తెలిసి తప్పించుకు తిరగడం. ఆ సంగతి తన చేత్తో రాసిచ్చినట్టవుతుంది.

అబ్‌స్కాండ్‌కు లాటిన్ మూలంలో దాచడం అని అర్థం. ఊరికే వెళ్లిపోతే చాలదు, చట్టానికి చిక్కకుండా దాక్కోవాలి. మన పోలీసుల భాషలో ‘పరారీలో ఉన్నాడు’. దీనికి కోర్టులో పెద్ద తతంగమే ఉంది. వారంటు ఇచ్చినా మనిషి దాక్కుని దొరక్కపోతే నేర విచారణ పద్ధతి చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 84వ సెక్షన్ కింద ప్రకటన వెలువడుతుంది (పాత సీఆర్‌పీసీలో ఇది 82). దాన్ని అతనుండే ఊళ్లో నలుగురూ తిరిగే చోట పైకి చదువుతారు, ఇంటికి అంటిస్తారు, హాజరు కావడానికి కనీసం 30 రోజుల గడువిస్తారు. మీ గోడకు అలాంటి కాగితమేదీ అంటించలేదు కదా!

హెచ్‌ఆర్ వాళ్లు ఇంత బరువైన మాటను తెచ్చి, ‘రాజీనామా ఇవ్వకుండా రావడం మానేశాడు’ అనడానికి వాడేస్తున్నారు. నాకైతే నచ్చదు. ‘అబ్సెంట్ వితౌట్ నోటీస్’ అంటే సరిపోయేది, మీకు రాత్రి నిద్రైనా పట్టేది. ఊరికే ఆఫీసుకు వెళ్లకపోతే అది నేరం కాదు. అలాగని వదిలేయకండి. నోటీసు పీరియడ్ డబ్బు అడగొచ్చు, రిలీవింగ్ లెటర్ దగ్గర పేచీ పెట్టొచ్చు. వెంటనే రాజీనామా మెయిల్ పెట్టి, ల్యాప్‌టాప్ అప్పగించి, ముట్టినట్టు రాయించుకోమనండి.

ప్రశ్న: ట్యాక్స్ అవాయిడెన్స్, ట్యాక్స్ ఇవేజన్ రెండూ పన్ను ఎగ్గొట్టడమేనా?
– కిరాణా వ్యాపారి, ఖమ్మం

జవాబు: ఎగ్గొట్టడం ఇవేజన్. సరుకు బిల్లు లేకుండా అమ్మి ఆ ఆదాయం లెక్కలో చూపించకపోవడం, మీ బజారులో జీరో దందా అంటారే, అది. నేరం కూడా. అవాయిడెన్స్‌లో కాగితాలన్నీ సక్రమంగానే ఉంటాయి, కాకపోతే ఆ ఏర్పాటంతా పన్ను తప్పించుకోవడానికే అల్లింది. అలాంటివాటి పని పట్టడానికే ‘గార్’ (జనరల్ యాంటీ అవాయిడెన్స్ రూల్స్) నిబంధనలు 2017 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. పీపీఎఫ్ కట్టి మినహాయింపు తీసుకుంటే ఈ రెండింట్లోనూ పడదు, దాన్ని ప్లానింగ్ అంటారు. అన్నట్టు, ‘ట్యాక్స్ హెవెన్’ అనకండి. అది హేవెన్, ఓడలు తలదాచుకునే రేవు. డబ్బు దాచుకున్నవాడికి స్వర్గంలాగే ఉంటుందనుకోండి.

ప్రశ్న: మా తాతగారు 1942లో రంగూన్ నుంచి నడిచి వచ్చారు. మనవలు అమెరికాలో ఉన్నారు, వాళ్ల కోసం ఇంగ్లిష్‌లో రాస్తున్నాను. ఆయన్ను మైగ్రెంట్ అనాలా, రెఫ్యూజీ అనాలా?
– విశ్రాంత ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: బతుకుతెరువు కోసం రంగూన్ వెళ్లినప్పుడు ఆయన మైగ్రెంట్. జపాన్ దాడితో ప్రాణాలు దక్కించుకుని వచ్చినప్పుడు ఇవాక్యుయీ, అంటే ప్రమాదం వల్ల ఉన్నచోటు ఖాళీ చేసి వచ్చినవాడు. ఆనాటి రాతల్లోనూ ఎక్కువగా ఇదే కనిపిస్తుంది. మామూలు వాడుకలో రెఫ్యూజీ అన్నా తప్పు పట్టరు. కానీ 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం రెఫ్యూజీ అంటే పీడన భయంతో సొంత దేశం వదిలి, తిరిగి వెళ్లలేనివాడు. మీ తాతగారు వచ్చింది సొంత గడ్డకే కదా. 1959లో టిబెట్ నుంచి వచ్చిన దలైలామాది ఆ కోవ. మన దేశం ఆయనకు ఇచ్చింది అసైలం, అంటే ఆశ్రయం. భారత్ ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు, అయినా ఇచ్చింది. 1964 తర్వాత బర్మాలో దుకాణాలు జాతీయం చేశాక వచ్చినవాళ్లను మన ప్రభుత్వం రిపేట్రియేట్లు, అంటే స్వదేశానికి తిరిగి వచ్చినవాళ్లు అంది. మీ ఊళ్లో బర్మా క్యాంపు ఉంది కాబట్టి ఆ తేడా మీకు తెలిసే ఉంటుంది. తెలుగులో మాత్రం అందరినీ కాందిశీకులనే అన్నాం. ‘ఏ దిక్కుకు పోను’ అని పరుగెత్తేవాడని ఆ సంస్కృత పదానికి చెప్పే వ్యుత్పత్తి. దీనికి సాటి వచ్చే మాట ఇంగ్లిష్‌లో నాకు కనిపించలేదు.

క్రియ దగ్గర జాగ్రత్త. ఫ్లీ అంటే పారిపోవడం, దాని భూతకాలం ఫ్లెడ్. నా క్లాసుల్లో ఏటా ఎవరో ఒకరు ‘ఫ్లూ’ అని రాసేవారు. మీరు అలా రాస్తే తాతగారు విమానంలో వచ్చారని మనవలు అనుకుంటారు. అప్పట్లో కొందరు నిజంగానే విమానంలో వచ్చారు కూడా! ఫ్లెడ్ తర్వాత ‘ఫ్రమ్’ లేకపోయినా ఫరవాలేదు: ‘హీ ఫ్లెడ్ రంగూన్ ఇన్ 1942 అండ్ వాక్డ్ టు ఇండియా.’ నడక దారి తెలిస్తే అదీ రాయండి. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, కొందరు బర్మా సరిహద్దులోని ‘తము’ అనే ఊరి మీదుగా మణిపూర్ వైపు వచ్చారు. ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఆ ఊళ్ల పేర్లు గుర్తుంటే ఇప్పుడే అడిగి రాసుకోండి.